నాలుగేళ్లు వాడి తీసేసిన యాంటీవైరస్: ప్రోగ్రామ్ పోయింది, ఫోల్డర్లు పోలేదు

మాది జిరాక్స్, ప్రింటింగ్ షాపు. రోజంతా ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు కంప్యూటర్‌కి తగులుతూనే ఉంటాయి, అందుకే ఏటా డబ్బు కట్టి నాలుగేళ్లు ఒకే యాంటీవైరస్ వాడాను. కాపలా విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే ఆ పాత పెన్‌డ్రైవ్ వైరస్‌ని ఎన్నిసార్లు పట్టుకుందో లెక్కలేదు. నాలుగో ఏడు వచ్చేసరికి మాత్రం సిస్టమ్ బాగా నెమ్మదించింది, పైగా రెన్యువల్ చేయమంటూ ప్రింట్ ఇచ్చే సమయానికే స్క్రీన్ మీద బాక్సులు. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ చాల్లే అనుకుని సెట్టింగ్స్‌లోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ కొట్టాను.

అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి. రీస్టార్ట్ అయ్యాక చూస్తే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఒక ఫోల్డర్, ప్రోగ్రామ్ డేటాలో ఇంకొకటి, రెండూ అలాగే ఉన్నాయి. డిలీట్ కొడితే పర్మిషన్ లేదంటుంది. అడ్మిన్‌ని నేనే! కమాండ్ ప్రాంప్ట్‌లో టేకోన్ (takeown), ఐకాక్ల్స్ (icacls) కమాండ్లతో ఆ ఫోల్డర్ల ఓనర్‌షిప్, పర్మిషన్లు మార్చబోయినా అదే జవాబు, యాక్సెస్ డినైడ్. విండోస్ సెక్యూరిటీలో కూడా ఇంకా ఆ పాత పేరే కనిపిస్తోంది, అంటే డిఫెండర్ ఆన్ కాలేదు. వచ్చేపోయే పెన్‌డ్రైవ్‌ల మధ్య ఏ కాపలా లేకుండా సిస్టమ్ నడుస్తోందని తెలిసి చాలా టెన్షన్ పడ్డాను.

కారణం తర్వాత అర్థమైంది. వైరస్ వచ్చి ముందుగా యాంటీవైరస్‌నే చెరిపేయకుండా, యాంటీవైరస్ తన ఫైళ్లను తనే కాపాడుకుంటుంది. ఆ పని చేసే డ్రైవర్ విండోస్ లోపలి పొరలో కూర్చుని, డిలీట్ చేయమన్న మాట ఫైల్ దాకా చేరకముందే అడ్డుకుంటుంది, అడిగింది అడ్మినా వైరసా అని చూడదు. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎఫ్ఎల్‌టీఎంసీ (fltmc) అని కొడితే, ఇలా ఫైళ్ల దారిలో కూర్చునే ఫిల్టర్ డ్రైవర్లలో అప్పుడు నడుస్తున్నవాటి జాబితా వస్తుంది. అందులో మా యాంటీవైరస్ డ్రైవర్ దర్జాగా ఉంది. అంటే అన్‌ఇన్‌స్టాల్ సగంలోనే ఆగిపోయిందన్నమాట.

మా తమ్ముడు "అన్నా, విండోస్ నడవకుండా లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్ తెరిచి యాంటీవైరస్ డ్రైవర్ ఫైళ్లు లేపేద్దాం" అన్నాడు, లేపేశాడు కూడా. విండోస్ అయితే వచ్చింది గానీ కీబోర్డ్, మౌస్ రెండూ పనిచేయలేదు. ఫైళ్లు పోయినా, విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో, కీబోర్డ్, మౌస్‌లతో పాటు లోడ్ కావాల్సిన డ్రైవర్ల జాబితాలో (అప్పర్ ఫిల్టర్స్) వాటి పేర్లు అలాగే ఉండటంతో, ఆ డ్రైవర్లు దొరక్క కీబోర్డ్, మౌస్ కూడా లోడ్ కాలేదు. రికవరీ స్క్రీన్‌లో మాత్రం కీబోర్డ్ పనిచేసింది కాబట్టి విండోస్ ముందే దాచుకున్న పాత స్థితికి (రీస్టోర్ పాయింట్) వెళ్లి బయటపడ్డాం. దయచేసి డ్రైవర్స్ ఫోల్డర్‌లో చేత్తో ఏదీ తీయకండి. నెట్‌లో దొరికే ఊరూపేరూ లేని అన్‌లాకర్ల (డిలీట్ కాని ఫైళ్లను తీసేస్తామనే ప్రోగ్రామ్‌ల) జోలికి కూడా పోవద్దు.

చివరికి పనిచేసింది ఆ కంపెనీ సొంత రిమూవల్ టూల్. చాలా యాంటీవైరస్ కంపెనీలు ఇలాంటిది విడిగా ఇస్తాయి, వాళ్ల అసలు సైట్ నుంచే దించుకోండి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టి, స్టార్టప్ సెట్టింగ్స్‌లో 4 నొక్కి, అత్యవసరమైన డ్రైవర్లతోనే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి దాన్ని నడిపాను. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఈ దారిలో 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, ముందే రాసి పెట్టుకోండి. టూల్ అయ్యాక ఎఫ్ఎల్‌టీఎంసీ జాబితాలో ఆ పేరు లేదు, డిఫెండర్ తనంతట తనే ఆన్ అయింది. ప్రోగ్రామ్ డేటాలో మిగిలిన ఫోల్డర్ కూడా ఇంతకుముందు ఒప్పుకోని అదే టేకోన్, ఐకాక్ల్స్‌తో ఈసారి నిమిషంలో పోయింది.

ఒక్క నష్టం మాత్రం తీరలేదు. మాక్రోలు (ఫైల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) ఉన్నాయని మా షాపు లెక్కల ఎక్సెల్ ఫైల్‌ని ఆ యాంటీవైరస్ ఎప్పుడో క్వారంటైన్‌లో, అంటే అనుమానం వచ్చిన ఫైళ్లను విడిగా బంధించే చోట పడేసింది. అక్కడ ఫైళ్లు మామూలుగా తెరుచుకోని రూపంలో ఉంటాయి, ప్రోగ్రామ్ లేకపోతే వెనక్కి తెచ్చుకునే దారి నాకు దొరకలేదు. మీరు తీసేసే ముందు క్వారంటైన్ తెరిచి, మీ ఫైళ్లేమైనా ఉంటే రీస్టోర్ చేసుకోండి.

కాపలాకి ఐదులో నాలుగిస్తాను, తీసేసే పద్ధతికి ఒకటి. ఆ రిమూవల్ టూల్ చేసే పనంతా అన్‌ఇన్‌స్టాల్ బటనే చేయాలి. కుదరకపోతే, ఇంకా ఏం మిగిలాయో ఆ చివరి స్క్రీన్ మీదైనా చెప్పాలి. నాలుగేళ్లు డబ్బు కట్టినవాడిగా అది అడిగే హక్కు నాకుంది.