తెరమీద బుల్లి ఫియట్: గీస్తే మేలా, తోలితే మేలా, అమ్మితే మేలా?

పాత ఫియట్ 500ను తెరకెక్కించడానికి మూడు దారులున్నాయి: బొమ్మగా గీయడం, నిజం బండిని రోడ్డు మీద తోలడం, ప్రకటనలో పెట్టి అమ్మడం. మూడిట్లో ఏది మేలో తేల్చాలంటే ముందు ఆ బండి లోపాలు తెలియాలి. దానికి తెరమీద అంత పేరొచ్చింది వాటివల్లే.

ఇంజనీరు డాంటే జకోజా రూపకల్పనలో ఈ బండి 1957 జులై 4న ఇటలీలోని ట్యూరిన్‌లో విడుదలైంది. వెనక డిక్కీ ఉండాల్సిన చోట గాలితో చల్లబడే 479 సీసీ ఇంజను, రెండే సిలిండర్లు, 13 హార్స్‌పవర్. ఎంత తొక్కినా గంటకు 85 కిలోమీటర్లు. పొడవు 2.97 మీటర్లు, వెడల్పు 1.32, ఎత్తు కూడా 1.32. అంటే ఎదురుగా నిలబడి చూస్తే దాదాపు నలుచదరం. మన ఇళ్లలో ‘ఫియట్ కారు’ అంటే గుర్తొచ్చే ప్రీమియర్ పద్మిని వేరు. అది ఫియట్ 1100 అనే మోడల్ వంశం, దీనికంటే దాదాపు మీటరు పొడుగు.

ఇంజనులో రెండు పిస్టన్లూ ఒకేసారి లేచి ఒకేసారి దిగుతాయి. అందుకే ఆగి ఉన్నప్పుడు కూడా బండి మొత్తం జ్వరమొచ్చినట్టు వణుకుతుంది. మొదటి మోడళ్లలో గుడ్డ టాపు వెనకదాకా చుట్టేసేలా పెట్టడానికి ఉక్కు ఆదా ఒక కారణమైతే, లోపలి రొద పైకి పోవడం ఇంకో కారణం.

గీసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది 1979 నాటి ‘క్యాసిల్ ఆఫ్ కాలియోస్ట్రో’. జపాన్ యానిమేషన్ దర్శకుడు హయావో మియజాకి తీసిన తొలి పూర్తి నిడివి చిత్రం. దీనికి యానిమేషన్ డైరెక్టరైన యసువో ఒత్సుకాకు సొంతంగా ఫియట్ 500 ఉండేది. ఆ సంగతి చెప్పకపోయినా బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. సినిమా మొదట్లో టైరు పంక్చరవుతుంది. స్టెప్నీ ఎవరు మార్చాలో తేల్చుకోవడానికి కథానాయకులైన దొంగలిద్దరూ పిల్లలు పంటలేసుకున్నట్టు చేతులు చాపుతారు. ఓడినవాడు జాకీ తిప్పుతుంటే గెలిచినవాడు టాపెక్కి కూర్చుంటాడు. అంత తీరిగ్గా సాగే సీను మధ్యలోంచి పెళ్లికూతురి బట్టల్లో ఉన్న అమ్మాయి నడుపుతున్న సిట్రోయెన్ 2సీవీ దూసుకుపోతుంది. అప్పుడు మొదలవుతుంది ఛేజ్. ఇంజనులోకి ఎక్కువ గాలి నెట్టి బలం పెంచే సూపర్‌ఛార్జర్ ఆన్ చేయగానే బుల్లి ఫియట్ కొండ గట్టెక్కి పరిగెడుతుంది. నమ్మశక్యం కాని పనే, అయినా నమ్ముతాం. కారణం, అంతకుముందు నిమిషంలోనే దాని పంక్చరూ, జాకీ, పేదరికమూ చూపించి పెట్టుకున్నారు. బరువు వెనక ఉన్న బండి కదలాల్సిన తీరు కూడా తప్పలేదు: లాగేటప్పుడు తోక కుంగాలి, ముక్కు లేవాలి.

2006లో కార్లే పాత్రలుగా వచ్చిన పిక్సార్ యానిమేషన్ చిత్రం ‘కార్స్’ వేరే దారి పట్టింది. అందులో లుయీజీ అనే టైర్ల కొట్టు యజమాని 1959 ఫియట్ 500. కళ్లు హెడ్‌లైట్లలో కాక ముందు అద్దంలో పెట్టారు. ఈ నిర్ణయం మిగతా కార్లకు కలిసొచ్చింది గానీ, 500కు సగమే కలిసొచ్చిందనాలి. ఎందుకంటే ఈ బండి అసలు ముఖం ఆ రెండు గుండ్రటి లైట్లే. నంబరు ప్లేటు మాత్రం చూసి తీరాలి: 44.5, 10.8. మరనెల్లోలోని ఫెరారీ ఫ్యాక్టరీ అక్షాంశ రేఖాంశాలవి. పాత్రగా లుయీజీ బాగా పండాడు, యంత్రంగా మాత్రం ఎక్కడా కనిపించడు.

ఇక నిజం బండి. 2023లో వచ్చిన ‘మిషన్ ఇంపాజిబుల్: డెడ్ రెకనింగ్’లో టామ్ క్రూజ్, హేలీ అట్వెల్ ఒకే సంకెళ్లలో ఉండి, పసుపుపచ్చ 500లో రోమ్ సందుల్లో తిరుగుతారు. వెనక తరుముతున్నది భారీ సాయుధ వాహనం. పొట్టి-పొడుగు జోడీ హాస్యం బాగా కుదిరింది. అయితే కథలో ఆ కారుకు కరెంటు మోటారు తగిలించారు. ఛేజ్‌కు 13 గుర్రాలు చాలవు కాబట్టి తప్పలేదు. దాంతో ఆ టపటప శబ్దం పోయింది, వణుకూ పోయింది. మిగిలింది 500 చొక్కా వేసుకున్న ఇంకేదో బండి.

అసలు ఇంజనుతోనే తీస్తామనే మొండివాళ్లకు ఎదురయ్యే తిప్పలు ఇవీ. తాళం తిప్పితే స్టార్ట్ కాదు, కరెంటు మాత్రమే వస్తుంది. గేరు కర్ర వెనక, సీట్ల మధ్య రెండు చిన్న లివర్లుంటాయి: ఒకటి చోక్, ఒకటి స్టార్టర్. నటుడు తాళం తిప్పగానే ఇంజను మోగిందా, తెలిసినవాడు నవ్వుకుంటాడు. గేర్ల వేగాలను వాటంతటవే కలిపే సింక్రో అమరిక లేదు కాబట్టి దిగువ గేరుకు డబుల్ క్లచ్ తొక్కాలి. క్లచ్ నొక్కి న్యూట్రల్‌కు తెచ్చి వదలాలి, కాస్త యాక్సిలరేటర్ ఇవ్వాలి, మళ్లీ క్లచ్ నొక్కి గేరు వేయాలి. నేర్చుకోకుండా వచ్చిన నటుడి చేతిలో ఆ కరకర శబ్దం డైలాగును మింగేస్తుంది. రాత్రి సీన్లలో ఇంకో చిక్కు: ఇందులో ఉన్నది ఆల్టర్నేటర్ కాదు, డైనమో. ఐడ్లింగ్‌లో లైట్లు వేసి ఉంచితే ఛార్జింగ్ సరిపోదు, నాలుగైదు రీటేకులకే బ్యాటరీ దిగిపోతుంది. బయట ఛార్జర్ పెట్టుకోండి, కట్ చెప్పగానే లైట్లు ఆర్పేయండి. కెమెరాను బాడీకి బిగిస్తే వణుకంతా బొమ్మలోకి వస్తుంది. గుడ్డ టాపు తీసి పైనుంచి తీస్తే మేలు.

ప్రకటనల సంగతి క్లుప్తంగా ముగించొచ్చు. అవి అమ్మేది పాతదాన్ని కాదు. 2007లో వచ్చిన కొత్త 500 పొడవు 3.55 మీటర్లు, ఇంజను ముందుకొచ్చింది. 2015లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌కు చేసిన ప్రకటనలో వయాగ్రా లాంటి ఒక నీలం మాత్ర ఎగిరెగిరి వెళ్లి 500 పెట్రోలు ట్యాంకులో పడుతుంది, బండి ఉబ్బి పెద్ద మోడలైన 500ఎక్స్ అవుతుంది. జోకు పేలింది, కానీ చిన్నగా ఉండటం జబ్బన్నట్టు చెప్పింది కూడా ఫియటే! దానికంటే 2023లో ఇటలీలోని లెరిచి ఊళ్లో చేసింది నయం: కంపెనీ అధిపతి ఒలివియె ఫ్రాన్స్వా లోపల కూర్చోగా, కొత్త కరెంటు కారు 600ఈని నారింజ రంగు తొట్టిలో ముంచేశారు. ఇకమీదట బూడిద రంగు కార్లు చేయబోమని అలా చాటారు.

నా ఓటు చేత్తో గీసిన ఫియట్‌కే. నిజం కారుది రెండో స్థానం, అదీ ఛేజ్ లేని కథైతే. లుయీజీది ఆ తర్వాత. ప్రకటనలు చివర.

మీరే గీయాలనుకుంటే చక్రాలు పెంచకండి. టైరుతో కలిపి ఒక్కోటి సుమారు 51 సెంటీమీటర్లు, అంటే బండి పొడవులో ఆరో వంతు. పెద్దవి వేశారంటే బొమ్మకారు అయిపోతుంది. కథ 1965కు ముందుదైతే తలుపు కీళ్లు వెనక వైపు వేయాలి. అప్పట్లో ఈ కారు తలుపులు ముందు అంచు దగ్గర తెరుచుకునేవి.