లాంగ్‌బోర్న్: ఎలిజబెత్ పావడా ఉతికిందెవరు?

జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813) చదివినవారికి, జబ్బుపడిన అక్కను చూడటానికి ఎలిజబెత్ వానకు తడిసిన పొలాలకు అడ్డంపడి మూడు మైళ్లు నడిచి వెళ్లిన ఘట్టం గుర్తుండే ఉంటుంది. ఆమె పావడాకు ఆరంగుళాల మేర అంటిన బురదను చూసి, ఆ ఇంటి వారైన సంపన్నులు బింగ్లీ అక్కచెల్లెళ్లు ముక్కు విరుస్తారు. ఆ బురదను వదలగొట్టవలసింది ఎవరన్న ఆలోచన మాత్రం అక్కడ ఎవరికీ రాదు. జో బేకర్ 2013లో వెలువరించిన నవల ‘లాంగ్‌బోర్న్’ (ఎలిజబెత్ వాళ్ల ఇంటి పేరు) సరిగ్గా అక్కడ, చాకిరేవు పెట్టిన రోజుతో, మొదలవుతుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, చలికి వాచిన వేళ్లతో పంపు కొట్టి నీళ్లు తోడే ఆ ఇంటి పనిమనిషి సారా ఇందులో కథానాయిక. మూలంలో ఒక్క ముక్కలో తేలిపోయిన మాటను పట్టుకొని ఒక అధ్యాయానికి సరిపడా జీవితాన్ని బయటికి తీయడంలో రచయిత్రి నేర్పు కనిపిస్తుంది. బింగ్లీల ఇల్లు నెదర్‌ఫీల్డ్‌లో జరిగే నాట్యవిందుకు ముందు వానలు తెరిపి ఇవ్వకపోవడంతో, అమ్మాయిలు తమ చెప్పులకు కుట్టుకునే రిబ్బను గులాబీలను సైతం వేరొకరిచేత తెప్పించుకున్నారని ఆస్టిన్ ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగిపోయింది; ఇక్కడ ఆ వానలో తడుస్తూ పక్క ఊరు మెరిటన్ దాకా నడిచేది సారా. మూలకథలో భోజనాల బల్ల ముందు మాటలు సాగుతున్న వేళకు ఇక్కడ వంటగదిలో ఆ వంటకం పొయ్యి మీద ఉడుకుతూ ఉంటుంది. ఆస్టిన్ ప్రస్తావించని బింగ్లీల చక్కెర సొమ్మును, దాని వెనుకనున్న బానిసల చాకిరీని కూడా బేకర్ ఉపన్యాసాలు లేకుండానే కథలోకి తెచ్చింది.

అయితే మూడవ భాగంలో జేమ్స్ అనే సేవకుని గతం కోసం కథ స్పెయిన్, పోర్చుగల్ యుద్ధభూములకు వెళ్లినప్పుడు నాకు వేరే నవల చేతికి వచ్చినట్లనిపించింది. ఆ పుటలు బలహీనమైనవి కావు, కానీ సోపు నీళ్ల వాసన నుంచి అంత దూరం పోవలసిన అవసరం లేదు. ఎలిజబెత్ అభిమానులకు మరొక చిన్న నిరాశ తప్పదు, ఎందుకంటే వంటగదిలోంచి చూస్తే ఆమె కూడా, ఎంత మంచిదైనా, యజమానురాలే.

ఇది ముగించాక మూలాన్ని మళ్లీ తీశాను. గంట మోగించమని, ఇంటి పనివాళ్లలో ఒకరైన హిల్‌తో తక్షణం మాట్లాడాలని ఎలిజబెత్ తల్లి శ్రీమతి బెన్నెట్ హడావుడి చేసే చోట ఆగిపోయాను. మూడుసార్లు చదివిన పుస్తకంలో ఆ పేరు నా కంటికి ఆనలేదు.