ఎల్ఎంజీల్లో ఏది మేలు? ముందు తూటాల సంచి ఎత్తి చూడండి

సైనిక్‌పురిలో ఉండే మా బాబాయ్ ఇరవై ఏళ్లు పదాతిదళంలో చేసి వచ్చారు. ఎల్ఎంజీల్లో, అంటే తేలికపాటి మెషిన్‌గన్లలో, పాత బ్రిటిష్ బ్రెన్ మంచిదా, ఇజ్రాయెల్ నెగెవ్ మంచిదా అని అడిగితే ఆయన జవాబివ్వలేదు. వంటింట్లోంచి కిలో కందిపప్పు ప్యాకెట్లు ఆరు తెచ్చి, సంచిలో వేసి నా భుజానికి తగిలించారు. "200 తూటాల 7.62 బెల్ట్ ఇంచుమించు ఇంత ఉంటుంది. 5.56 అయితే ఇందులో సగం. ఇప్పుడు మేడెక్కి రా" అన్నారు. ఆ అంకెలు మిల్లీమీటర్లలో గుండు లావు; బెల్ట్ అంటే తూటాలు వరసగా గుచ్చిన దండ. రెండో అంతస్తుకే నాకు ఆయాసం వచ్చింది. కింద పిన్నేమో పప్పు ఏమైందని వెతుకుతోంది.

బాబాయ్ మనసు బ్రెన్ మీదే. గురి బాగా కుదురుతుంది, బ్యారెల్ వేడెక్కితే పక్కనున్న జోడీదారు క్షణాల్లో మార్చేస్తాడు. మన సైన్యం దాన్ని 7.62కి మార్చుకుని దశాబ్దాల పాటు వాడింది. కానీ గన్ పైన నిలబడే మ్యాగజైన్‌లో 30 తూటాలే. స్ప్రింగు మొరాయించకుండా ఒకటి రెండు తక్కువే నింపేవారు. ఎదుటివాణ్ణి తల ఎత్తనివ్వకుండా ఎడతెగక కాల్చాల్సి వచ్చినప్పుడు అది సరిపోదు.

మన దేశంలోనే చేసిన ఇన్సాస్ ఎల్ఎంజీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గన్నూ తేలిక, 5.56 తూటా కూడా తేలిక. అయితే మళ్లీ మ్యాగజైనే, పైగా బ్రెన్‌లా చటుక్కున మార్చే బ్యారెల్ కాదు. కార్గిల్ చలిలో ఇన్సాస్ రైఫిల్ ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయన్న ఫిర్యాదులు సరేసరి.

2020 మార్చిలో 880 కోట్ల రూపాయలకు 16,479 నెగెవ్ ఎన్‌జీ-7లు కొనడానికి ఒప్పందం కుదిరింది. బెల్ట్‌తో నడుస్తుంది, బ్యారెల్ మారుతుంది, గన్ ఎనిమిది కిలోల లోపే. 7.62 తూటా దూరం వెళ్లినా 5.56 కన్నా గట్టి దెబ్బే కొడుతుంది. ఉన్నవాటిలో నా ఓటు దీనికే. కాకపోతే గన్ తేలికైనంత మాత్రాన పప్పు సంచి తేలికవదు.

అసలు తిరకాసు తూటాలోనే ఉంది. ఫౌజులో ఖోకా అంటారే, ఆ ఇత్తడి గొట్టం బరువే తూటా బరువులో చెప్పుకోదగ్గ వాటా. దాన్నే తీసేస్తే? జర్మన్లు జీ11 రైఫిల్ కోసం ఖోకా లేని 4.73 మిల్లీమీటర్ల తూటా చేశారు. తుపాకీ మందునే దిమ్మగా అచ్చుపోసి అందులో గుండు దించారు. అప్పుడు తెలిసింది, ఇత్తడి ఊరికే మోత బరువు కాదని. కాల్చిన ప్రతిసారీ ఎగిరిపడే వేడి ఖోకా కొంత వేడిని బయటికి మోసుకెళుతుంది. అది లేకపోయేసరికి తూటా కూర్చునే ఛాంబర్ కాగిపోయి, ట్రిగ్గర్ నొక్కకుండానే తూటా పేలేది. మందు మార్చి ఆ బాధ చాలావరకు తగ్గించారు. అయినా ఎడతెరపి లేకుండా కాల్చే ఎల్ఎంజీకి నేనైతే దాన్ని నమ్మను.

తూటానీ గన్నునీ తేలిక చేయాలని అమెరికన్లు చేసిన ఎల్ఎస్ఏటీ ప్రయోగం నాకు ఎక్కువ నచ్చింది. గుండును పూర్తిగా ప్లాస్టిక్ గొట్టం లోపలికి దించి చుట్టూ మందు నింపారు. 5.56లో తూటాలూ గన్నూ రెండూ సుమారు 40 శాతం తేలికయ్యాయి. కానీ 2022లో అమెరికా సైన్యం కొత్త ఆయుధాలు ఎంచుకున్నప్పుడు ఇదే పద్ధతిలో చేసిన 6.8 తూటా ఓడిపోయింది. గెలిచిన సిగ్ సంస్థ 6.8 తూటాకు అడుగు ఉక్కు, పైన ఇత్తడి. ఆ ఉక్కు అడుగు వల్లే 80,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఒత్తిడి తట్టుకుంటుంది. గుండుకు వేగమూ బలమూ వస్తాయి. బదులుగా 5.56 కన్నా దాదాపు రెట్టింపు బరువు మోయాలి, గన్ వెనక్కి తన్నే ధక్కా ఎక్కువ, బ్యారెల్ అరుగుదలా ఎక్కువే. బలం కావాలంటే ఇది, భుజం మిగలాలంటే ప్లాస్టిక్ గొట్టం. నేను రెండోవైపే.

ఇదంతా చెబితే బాబాయ్ సంచిలోంచి పప్పు ప్యాకెట్లు ఒక్కొక్కటే తీసి పిన్ని చేతికిస్తూ, "మళ్లీ ప్లాస్టికా? ముందు దాన్ని లద్దాఖ్‌లో ఒక రాత్రి బయట పెట్టమను" అన్నారు.