కడప వీధుల్లో, గువ్వలచెరువు ఘాటులో ఏడాదిపాటు ఏఎంటీ కారు

పదిహేనేళ్ళు మాన్యువల్ కారు నడిపిన నేను కిందటి వేసవిలో క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే ఏఎంటీ రకం చిన్న కారు కొన్నాను. ఎడమ మోకాలికి నొప్పి మొదలై, ఏడు రోడ్ల కూడలిలో ఆటోల మధ్య పది అడుగులకోసారి క్లచ్ తొక్కడం కష్టం కావడమే కారణం. ఆటోమేటిక్ తీసుకోవాలా, మాన్యువలే మేలా అని నన్ను అడుగుతున్నవారి కోసం నా అనుభవం రాస్తున్నాను.

ఆటోమేటిక్ అన్న పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీలో ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మాత్రం మనకు బదులు కంప్యూటర్ చూసుకుంటుంది. అందుకే ఖరీదు తక్కువ, మైలేజీ కూడా మాన్యువల్‌కు దగ్గరగా ఉంటుంది. మరో రకం ఆటోమేటిక్ అయిన టార్క్ కన్వర్టర్‌లో ఇంజను శక్తిని గేర్లకు ఆయిల్ అందిస్తుంది, సీవీటీ అనే ఇంకో రకంలో బెల్టు, పుల్లీలు ఉంటాయి. ఆ రెండూ మెత్తగా సాగుతాయి కానీ ధర పెరుగుతుంది.

ఊళ్ళో ఈ కారు నాకు పూర్తిగా నచ్చింది. బ్రేకు మీద కాలు తీస్తే చాలు, దానంతటదే మెల్లగా కదులుతుంది. పదేళ్ళ కిందట నేర్చుకుని, బండి ఆగిపోతుందన్న భయంతో మానేసిన నా భార్య ఇప్పుడు ఒక్కతే దేవుని కడపకు వెళ్ళి వస్తోంది.

ఘాటులో మాత్రం దీని స్వభావం తెలుసుకుని నడపాలి. రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు ఎక్కుతూ, లోడు లారీ వెనక వేగం తగ్గించి, సందు దొరికాక యాక్సిలరేటర్ నొక్కితే, మూడో గేరు నుంచి రెండో గేరుకు దిగే ముందు బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్లు ఆగి, తల ముందుకు ఊగేలా కుదుపిస్తుంది. ఎదురుగా వాహనం వస్తున్నప్పుడు ఆ ఒక్క క్షణమే చాలా పెద్దది. అందుకని నేను ఘాటు మొదట్లోనే లివర్‌ను ఎం (గేర్లు మనమే మార్చుకునే స్థానం) వైపుకు జరిపి రెండో గేరులో ఉంచుతాను. దిగేటప్పుడూ అంతే, డీలో (గేర్లు వాటంతటవే మారే స్థానంలో) వదిలేసి బ్రేకుల మీదే ఆధారపడితే అవి వేడెక్కి పట్టు తగ్గే ప్రమాదం ఉంది, చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

ఈ విషయాలేవీ నేను కొన్న షోరూంలో చెప్పలేదు. ట్రయల్‌కు చదునైన బైపాస్ మీద తిప్పి తెచ్చారు. ఎత్తు మీద బ్రేకు నొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలిపి ఉంచవచ్చని అక్కడివారు చెబితే నమ్మి అలాగే చేశాను. నాలుగో నెలలో క్లచ్ కాలిన వాసన వచ్చింది. ఏఎంటీలో క్లచ్ పెడల్ లేకపోయినా క్లచ్ ఉంటుందనీ, ఎత్తు మీద అలా నిలిపితే అది అరిగిపోతుందనీ ఆనాడు మెకానిక్ చెప్పాకే తెలిసింది. కొనేవారు ట్రయల్‌లో ఏదైనా ఫ్లైఓవర్ ఎత్తు మీద ఆపించి, మళ్ళీ కదిలించి, వెనక్కి ఎంత జారుతుందో స్వయంగా చూడాలి.

రోజూ ఆ ఘాటులో రాయచోటికి వెళ్ళి వచ్చేవారికి, కాళ్ళలో సత్తువ ఉన్నంతకాలం, నేను మాన్యువల్‌నే తీసుకోమంటాను.