బండి కదపనక్కర్లేని క్యాంపే మంచిది

ఆర్వీ, అంటే వంటగది, పడకలు ఉండే ఇంటిబండి, అద్దెకు తీసుకునేవాళ్లు క్యాంప్‌గ్రౌండ్ గురించి ముందుగా అడిగేది ‘ఫుల్ హుకప్ ఉందా?’ అని. కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం మూడూ ఉంటే మంచి చోటు దొరికినట్టే లెక్క. అమెరికా పడమటి పార్కులు తిరిగాక నేను ఆ ప్రశ్నను రెండో వరుసలోకి నెట్టాను. బండిని ఒకసారి ఆపాక దాన్ని ముట్టుకోకుండా ఎంత చూడగలం అన్నదే ఇప్పుడు నాకు ముఖ్యం. బయలుదేరాలంటే ప్రతిసారీ కరెంటు తీగ చుట్టాలి, నీళ్ల గొట్టం విప్పాలి, మురుగు గొట్టం కడిగి దాచాలి, స్టవ్వు మీది గిన్నెలు దింపాలి, అరలన్నిటికీ గడియలు పడ్డాయో లేదో చూసుకోవాలి. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ఇంట్లో అరగంట ఇట్టే పోతుంది. అంతా చేసి వెళ్తే అక్కడ అంత పొడుగు బండికి పార్కింగ్ ఉండదు.

ఈ లెక్కన యూటా రాష్ట్రంలోని జయన్ నేషనల్ పార్కులో ఉన్న వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌కు నా ఓటు. కరెంటు ఉన్న సైట్లు ఉన్నాయి కానీ సైటు దగ్గర నీళ్లు, మురుగు కనెక్షన్ ఉండవు. మురుగు ట్యాంకు ఖాళీ చేయడానికి డంప్ స్టేషన్‌కు వెళ్లాల్సిందే. అయినా విజిటర్ సెంటర్ నడిచిపోయేంత దగ్గర, షటిల్ బస్సు అక్కడి నుంచే. సీజన్‌లో లోయలోపలి రోడ్డు మీదికి సొంత బండ్లను ఎలాగూ రానివ్వరు కాబట్టి, బయట ఉన్నవాళ్లకన్నా మనమే ఒక మెట్టు పైన. పక్కనే వర్జిన్ నది. జనరేటర్లు నిషేధం కాబట్టి సాయంత్రాలు ప్రశాంతంగా ఉంటాయి. బుకింగ్ ఆరు నెలల ముందు తెరుస్తారు, మంచి తేదీలు చూస్తుండగానే అయిపోతాయి.

కరెంటు ఉందని సంబరపడి అన్నీ ఒకేసారి వేస్తే కుదరదు. మా బండిది 30 ఆంపుల కనెక్షన్. అంటే 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. పైకప్పు మీది ఏసీయే అందులో దాదాపు సగం తింటుంది. అత్తయ్యగారు రైస్ కుక్కర్ పెట్టి, మైక్రోవేవ్‌లో పాలు వేడి చేయబోయారు. టప్‌మని అంతా ఆరిపోయింది. “పోపు పెట్టకముందే పోయిందేమిటి బాబూ?” అన్నారు. ఆ తర్వాత అన్నం ఉడికేంతసేపూ ఏసీ ఆపి, అందరం చెట్టు కింద కూర్చునేవాళ్లం. పోపు మాత్రం బయట, క్యాంపు స్టవ్వు మీద. ఎండుమిర్చి ఘాటుకు లోపలి పొగ అలారం మోగకుండా ఉండదు.

జయన్ నుంచి బ్రైస్ కాన్యన్‌కు దగ్గర దారి 1930లో తెరిచిన సొరంగం గుండా వెళ్తుంది. పొడవు 1.1 మైళ్లు. మేము వెళ్లినప్పుడు 15 డాలర్లు కట్టించుకుని, ఎదురు బండ్లను ఆపి, మమ్మల్ని నడిమధ్య నుంచి పంపారు. 2026 జూన్ నుంచి పెద్ద బండ్లను అటు రానివ్వబోమని పార్కు ప్రకటించింది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటితే పెద్ద బండే. అద్దెకు దొరికే ఆర్వీల్లో చాలావరకు దాటతాయి. ఐ-15 హైవే మీదుగా చుట్టుతిరిగి వెళ్లే సమయం కూడా లెక్కలో వేసుకోండి.

బ్రైస్‌లో మాత్రం పార్కు బయటే నయం. లోపలి రెండు క్యాంపుల్లోనూ హుకప్‌లు లేవు, ఎనిమిది వేల అడుగుల ఎత్తులో రాత్రి చలి గట్టిగా ఉంటుంది. బయట రూబీస్ అనే ప్రైవేటు క్యాంపులో ఫుల్ హుకప్, పార్కు షటిల్ కూడా అక్కడ ఆగుతుంది. ఒక్కటే లోటు. సూర్యోదయం వేళకు షటిల్ ఉండదు. ఆ ఎర్ర రాతిస్తంభాల మీద తొలివెలుగు చూడాలని ఉంటే లోపలి నార్త్ క్యాంప్‌గ్రౌండ్‌లో చలికి ఓర్చుకోండి, అంచుకు నడిచి వెళ్లవచ్చు.

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున రెండు క్యాంపులు పక్కపక్కనే ఉన్నాయి. మాథర్‌లో చెట్ల నీడ, తక్కువ ధర, కానీ హుకప్‌లు లేవు, 30 అడుగులు దాటిన బండికి చోటు లేదు. ట్రెయిలర్ విలేజ్‌లో అన్నీ ఉంటాయి, 50 అడుగుల బండి కూడా రివర్స్ చేయనక్కర్లేకుండా నేరుగా దూరిపోతుంది. ధర ఎక్కువ, నీడ తక్కువ, సైట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. మేము రెండోదే తీసుకున్నాం, నాకు పశ్చాత్తాపం లేదు. రెండింటికీ షటిల్ అందుబాటులో ఉంది. నిరాశపడ్డది మామయ్యగారు. అంతకుముందు ప్రతి క్యాంపులోనూ లారీ క్లీనర్‌లా వెనక నిలబడి, బండి మీద చరుస్తూ “రానీ, రానీ, ఆపు!” అంటూ రివర్స్ చేయించింది ఆయనే. ఇక్కడ ఆ పని లేదు. బదులుగా పొద్దున్నే ఒక ఎల్క్, అంటే పెద్ద జాతి దుప్పి, మా తలుపు ముందే గడ్డి మేస్తూ కనిపించింది. వంద అడుగుల దూరం పాటించాలన్నది నిబంధన, అది మాత్రం వినదు. అది కదిలేదాకా ఎవరం కిందికి దిగలేదు.

దారిలో ఒక రాత్రికి హైవే పక్క ప్రైవేటు ఆర్వీ పార్కులో దిగాం. పేరు వద్దులెండి. ఫోటోల్లో ఈతకొలను, పచ్చిక. తీరా చూస్తే కొలను మూసి ఉంది, పక్క బండి టీవీలో వార్తలు మా పడక దగ్గరకు స్పష్టంగా వినిపించాయి. ఇలాంటి చోట్లు బట్టలు ఉతుక్కోవడానికి, ట్యాంకులు ఖాళీ చేయడానికి సరే.

ఖర్చుల్లో ఇంకొకటి. 2026 నుంచి పార్కుల వార్షిక పాస్ అమెరికా నివాసులకు 80 డాలర్లు, ఇతరులకు 250. వార్షిక పాస్ లేకపోతే జయన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్, యెల్లోస్టోన్ సహా 11 పార్కుల్లో 16 ఏళ్లు, ఆపై వయసున్న, అమెరికా నివాసులు కానివాళ్లకు తలకు 100 డాలర్లు అదనం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

యెల్లోస్టోన్‌కు వేరేసారి వెళ్లాం. అక్కడ నా సూత్రం పనిచేయలేదు, ఎందుకంటే పార్కులో షటిల్ లేదు. ఫుల్ హుకప్ ఉన్న క్యాంపు లోపల ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. గ్రిజ్లీ ఎలుగుల తావు కాబట్టి గుడారాలకు, గుడ్డ గోడల ట్రెయిలర్లకు ప్రవేశం లేదు, నెగడు కూడా వేయనివ్వరు. అక్కడి నుంచి హేడెన్ లోయ దగ్గర, బైసన్ మందలు పుష్కలం. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్, అంటే వేడినీళ్లు పైకి చిమ్మే ఊట, మాత్రం దాదాపు 38 మైళ్లు. హుకప్‌లు లేని మాడిసన్ నుంచి అయితే 16. అందుకే మాడిసన్‌లో దిగి గీజర్లు పూర్తి చేసుకుని, తర్వాత ఫిషింగ్ బ్రిడ్జ్‌కు మారితే మేలు. మాడిసన్‌కు వెళ్లే ముందే నీళ్లు నింపుకోండి. ఉదయం ఎనిమిదికల్లా గీజర్ల దగ్గర ఉండండి. వాటిలో ఒకటైన మిడ్‌వే గీజర్ బేసిన్ పార్కింగ్‌లో ఆ తర్వాత చిన్న కార్లకే చోటు దొరకదు.