కర్నూలు సి క్యాంపు, బి క్యాంపు వాకింగ్ రూటు: పార్కు కంటే వీధులే నయం

కర్నూల్లో పొద్దున వాకింగ్ అంటే చాలామంది బండి తీసి ఏదో ఒక గ్రౌండుకో పార్కుకో పోతారు. అక్కడ స్టాండేసి, అదే రౌండు మళ్లీ మళ్లీ తిరిగి, మళ్లీ బండెక్కి ఇంటికొస్తారు. నడవడానికి బండి మీద పోవడమేందో నాకైతే అర్థం కాదు, సరే, ఎవరిష్టం వాళ్లది. ఊళ్లో దుమ్ము, హారన్ల గోల పడలేనివాళ్లకు నేను చెప్పే రూటు మాత్రం సి క్యాంపు, బి క్యాంపు పాత సర్కారు క్వార్టర్స్ వీధులు, మధ్యలో ఒక చిన్న కాలనీ పార్కు. అంతా కలిపి సుమారు మూడున్నర కిలోమీటర్లు ఉంటుంది, మామూలుగా నడిస్తే ముక్కాలు గంట. టికెట్టూ లేదు, గేటూ లేదు.

సి క్యాంపు రైతు బజారు దగ్గర మొదలుపెట్టండి, కానీ అక్కడ ఎక్కువసేపు నిలబడొద్దు. కూరగాయల మూటలు దిగే టైములో ఆటోలు, తోపుడు బండ్లు, బేరాలు అన్నీ ఒకేసారి ఉంటాయి, నడకకు అది చోటు కాదు. మెయిన్ రోడ్డు వదిలి లోపలి వీధిలోకి తిరిగితే చాలు, అయిదు నిమిషాల్లో ఊరు మారిపోయినట్టుంటుంది. పొట్టి పొట్టి ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య జాగా, తిన్నగా పోయే వీధులు, పైన వేపచెట్లు, కానుగచెట్లు. కొత్త కాలనీల్లో ప్రహరీగోడ రోడ్డు మీదికే వచ్చి, దాని ముందు మళ్లీ ర్యాంపు కట్టి, ఆ ర్యాంపు మీద కారు పెట్టి ఉంటారు చూడండి, మనం నడిరోడ్డు మీద నడవాల్సి వస్తుంది, ఆ బాధ ఇక్కడ చాలా తక్కువ.

ఇట్లా ఎందుకుందంటే, ఈ పేటలు ఇళ్ల వ్యాపారం కోసం పుట్టినవి కావు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక మాట మీద, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలుకు దక్కింది. అప్పటికి ఊరు చిన్నది, అన్ని ఆఫీసులకు, అంతమంది ఉద్యోగులకు కట్టడాలు ఎక్కడివి? గుడారాలు వేసి నడిపించారు. ఏ, బి, సి క్యాంపులనే పేర్లు ఆ రోజులవే. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది, మూడేళ్ల ముచ్చట, క్యాంపుల పేర్లు మాత్రం మనకు మిగిలాయి. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు రాజధాని పోయిందని ఇప్పటికీ నిట్టూరుస్తారు గానీ, నడిచేవాడి లెక్కలో చూస్తే ఆ మూడేళ్లు మనకు మంచి నీడే ఇచ్చిపోయాయి.

బి క్యాంపు వైపు వచ్చేసరికి సిల్వర్ జూబ్లీ కాలేజీ తగులుతుంది. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంలో 1972లో పెట్టిన కాలేజీ అది, పేరు అందుకే అట్లా. ఆ చుట్టుపక్కల పొద్దున్నే పుస్తకం పట్టుకుని తిరుగుతూ చదివే పిల్లలు కనిపిస్తారు, ఎవరి లోకం వాళ్లది, మనం పక్కనుంచి పోయినా తలెత్తరు. ఈ రూటులో నాకు ఎక్కువ నచ్చే ముక్క ఇదే. ఇంకో రకం మనుషులు కూడా ఉంటారు, చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని వాకింగ్ పేరుతో ఎవరింటి గోడ మీదికి ఒరిగిన నందివర్ధనం, గన్నేరు పూలయినా వదలకుండా కోసుకుంటూ పోయేవాళ్లు. ఇంటావిడ బయటికొచ్చి "ఏమ్మా, మా దేవుడికి కూడా రెండుంచు" అంటే నవ్వేసి ముందుకు పోతారు.

ఇక పార్కు. ఏ పార్కని పేరు చెప్పను, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లకు తెలిసిపోతుంది. నడకదారికి వేసిన టైల్స్ చాలాచోట్ల లేచిపోయాయి, కాలి బొటనవేలు తగిలితే చుక్కలు కనిపిస్తాయి. ఓపెన్ జిమ్ సామాన్లలో సగం కిర్రుమంటాయి, మిగతా సగం కదలవు. రౌండు చిన్నది కాబట్టి ఎదురుగా వచ్చేవాళ్లకు పక్కకు తప్పుకోవడమే సరిపోతుంది, పైగా ఎవరో ఒకరు ఫోన్లో భక్తి పాటలు స్పీకరు పెట్టి అందరికీ వినిపిస్తుంటారు. బెంచీలు మాత్రం పర్వాలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అక్కడ అయిదు నిమిషాలు కూర్చుని లేవొచ్చు, అంతకు మించి ఆ పార్కుతో పని లేదు, నా మటుకు నేను ఒక పక్క నుంచి దూరి రెండో పక్క బయటపడతాను.

వీధులు కూడా అంత గొప్పగా ఉన్నాయని అనుకోవద్దు. కుక్కలున్నాయి, గుంపుగానే ఉన్నాయి. మెల్లగా నడిచేవాళ్లను పట్టించుకోవు గానీ జాగింగ్ చేసేవాళ్లను, సైకిలు పిల్లలను చూస్తే వెంటపడతాయి, కాబట్టి పరుగెత్తాలనుకునేవాళ్లు గ్రౌండుకే పోండి. పాత క్వార్టర్స్‌లో కొన్ని ఖాళీగా, పాడుబడి ఉన్నాయి, వాటి చుట్టూ పిచ్చిమొక్కలూ కంపచెట్లూ పెరిగాయి. వానాకాలంలో ఆ గోడలంచున నడవొద్దు, పురుగూపుట్రా ఉంటాయి, రోడ్డు మధ్యలోనే నడవండి, అక్కడ బండ్లు తిరిగేది తక్కువే. సాయంత్రం చీకటి పడ్డాక ఈ రూటు నేను ఎవరికీ చెప్పను. వీధి లైట్లు ఒకచోట వెలుగుతాయి, నాలుగు స్తంభాలు దాటాక వెలగవు, మనుషులూ పలచబడతారు. ఒంటరిగా నడిచే ఆడవాళ్లకు పొద్దున పూటే మంచిది, అప్పటికి పాలప్యాకెట్లవాళ్లు, పేపరు పిల్లలు, ముగ్గులేసేవాళ్లు బయటే ఉంటారు.

టైము సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏడున్నరకు బయల్దేరినా హాయిగా ఉంటుంది. మార్చి దాటితే మన ఎండ సంగతి తెలిసిందే, మే నెలలో ఏడు కొట్టేసరికి నెత్తి మాడుతుంది, కాబట్టి అయిదున్నరకే రోడ్డు మీద ఉండాలి. అయితే ఉగాది ముందు వేపపూత, కానుగపూత రాలి రోడ్డంతా తెల్లగా పరుచుకుంటుంది చూడండి, ఆ రెండు మూడు వారాలు ఎండకు భయపడి ఇంట్లో కూర్చోవద్దు. ఆషాఢంలో గాలి. కళ్లజోడు లేకుండా పోతే కళ్లనిండా దుమ్మే.

తాగే నీళ్లు, బాత్రూము దారిలో ఎక్కడా లేవు, రెండూ ఇంట్లోనే చూసుకుని బయల్దేరాలి. షుగరున్నవాళ్లు జేబులో ఒక చాక్లెట్టు పెట్టుకోండి. చివర్లో మెయిన్ రోడ్డు మీదికి వస్తే రాగిజావ, మొలకలు అమ్మే బండ్లు కనిపిస్తాయి, వాటికి రెండడుగుల దూరంలోనే ఉగ్గాని బజ్జి కూడా ఉంటుంది. నానబెట్టి పిండిన బొరుగుల్లో పుట్నాల పొడి, పచ్చిమిర్చి ఘాటు, పైన నిమ్మరసం, పక్కన వేడివేడి మిరపకాయ బజ్జి, ఇంత వాసన ముక్కుకు తగిలాక జావ తాగి ఇంటికి పోయేవాడు మహానుభావుడే. మా వాకింగ్ బ్యాచ్‌లో అట్లాంటివాళ్లు ఒక్కరూ లేరు. కరిగించుకున్న కేలరీలు బజ్జీల్లోనే తిరిగొస్తాయని మా ఇంట్లో రోజూ అనిపించుకోవాల్సిందే.

నీళ్ల పక్కన నడవాలని సరదా ఉన్నవాళ్లు ఆదివారం కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలవ) గట్టుకు పోవచ్చు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి, కర్నూలు మీదుగా కడప జిల్లా దాకా పోయే కాలవ అది, పందొమ్మిదో శతాబ్దంలో సాగునీళ్లకే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వారు. నీళ్లు వదిలిన రోజుల్లో బాగుంటుంది, వదలని రోజుల్లో ముక్కు మూసుకోవాలి. అందుకని దాన్ని రోజువారీ రూటు కింద లెక్కేయను.

మార్కులు వేయమంటే వీధులకు అయిదుకు నాలుగు, పార్కుకు ఒకటిన్నర. మొత్తం రూటుకు మూడున్నర వేస్తాను. ఆ పార్కు టైల్స్ ఎవరైనా సరిచేస్తే అప్పుడు మళ్లీ చూద్దాం. బస్టాండు వైపు నుంచి వచ్చేవాళ్లు షేర్ ఆటో ఎక్కి సి క్యాంపు అంటే దింపుతారు, బండి తెచ్చుకుంటే మాత్రం రైతు బజారు ముందు పెట్టొద్దు, తిరిగొచ్చేసరికి చుట్టూ తోపుడు బండ్లు నిలబడి ఉంటాయి, వాళ్ల బేరం అయ్యేదాకా మీ బండి బయటికి రాదు.