బటర్‌మియర్‌లో మా బావమరిది ఈత

తెనాలి నుంచి వచ్చిన మా బావమరిది ఇంగ్లండులోని సరస్సుల ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్‌లో ఈదాల్సిందేనని పట్టుబట్టాడు. ‘కృష్ణా కాలువలో ఈదినవాణ్ణి బావా, ఈ మడుగు నాకో లెక్కా?’ అన్నాడు.

ముందు విండర్‌మియర్ సరస్సు చూశాం. పొడవు దాదాపు 17 కిలోమీటర్లు. రైలు, హోటళ్లు అన్నీ దగ్గరే కానీ, పగలంతా లాంచీలు తిరుగుతూనే ఉంటాయి. 2005 నుంచి పడవల వేగం 10 నాట్లు (గంటకు దాదాపు 18 కిలోమీటర్లు) దాటకూడదన్న నిబంధన ఉన్నా, ఈదేవాడి తల నడిపేవాడికి కనబడాలి కదా! వేసవిలో విషపు నాచు పట్టడం కూడా ఉంది. హెచ్చరిక బోర్డు కనబడితే వెనక్కి తిరగడమే. కెస్విక్ ఊరి పక్కనున్న డెర్వెంట్‌వాటర్ సరస్సు లోతు తక్కువ, త్వరగా వేడెక్కుతుంది. అయితే అక్కడా లాంచీలే.

అందుకే బటర్‌మియర్ సరస్సుకు వెళ్లాం. పొడవు రెండు కిలోమీటర్లు, చుట్టూ కొండలు, మోటారు పడవల గోల లేదు. కాపాడే సిబ్బందీ లేరు, ఫోనుకు సిగ్నలూ అంతంతే. ఒంటరిగా దిగే చోటు కాదు.

మా ఊళ్లో ఈత నేర్చుకునేవాళ్ల నడుముకు సొరబుర్ర కట్టేవారు. ఇక్కడ ఈత వచ్చినవాళ్లే నడుముకు నారింజ రంగు గాలిబుడగ కట్టుకుంటారు, దూరం నుంచి కనబడడానికి. అద్దెకు తెచ్చిన రబ్బరు సూటు జిప్పు మాత్రం మావాడికి మెడ కింద నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. దుకాణంలోనే తొడిగి చూసుకోవాల్సింది.

జూన్ ఎండ బాగానే ఉంది. నీళ్లలో థర్మామీటరు ముంచితే 14 డిగ్రీలు. దూకబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. మోకాళ్లు, నడుము వరకు బాగానే నడిచాడు. ఛాతీ మునిగేసరికి జిప్పు సందులోంచి చన్నీళ్లు వీపు మీదికి దిగాయి. నోరు తెరిచాడు, మాట రాలేదు. వరసగా ఎగశ్వాసలు. చన్నీళ్లలో మొదటి ఒకటి రెండు నిమిషాలు ఊపిరి మన మాట వినదు. అప్పుడు తల మునిగితే ఎంత ఈతగాడైనా నీళ్లు పీల్చేస్తాడు. ‘ఈదకు, వెల్లకిలా తేలు’ అన్నాను. బుడగను గుండెకు హత్తుకుని ఆకాశం చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి ఊపిరి కుదుటపడింది.

‘లెక్కే, బావా’ అన్నాడు.

ఒడ్డు వెంబడే పన్నెండు నిమిషాలు ఈది బయటికి వచ్చాం. వచ్చాక కూడా ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. వెంటనే వేడి నీళ్ల స్నానం చేస్తే కళ్లు తిరిగే ప్రమాదం ఉంది. పొడి బట్టలు, ఉన్ని టోపీ, ఫ్లాస్కులో టీ చాలు. వాడి వణుక్కి సగం టీ గడ్డిపాలైంది.

బస విషయానికొస్తే, మొదటి రాత్రి దిగిన ఇంట్లో తడి బట్టలు లోపలికి తేవద్దన్నారు. సూట్లు కారు డిక్కీలోనే ముక్కిపోయాయి. రెండో రాత్రి బటర్‌మియర్ యూత్ హాస్టల్‌లో దిగాం. అంతస్తుల మంచాలే, కానీ తడి బట్టలు ఆరబెట్టడానికి ప్రత్యేకంగా గది ఉంది. దాని కోసమైనా మళ్లీ అక్కడే దిగుతాను. కారు లేనివాళ్లకు వేసవిలో కెస్విక్ నుంచి 77వ నంబరు బస్సు ఉంది.

పళ్లు ఇంకా టకటకలాడుతుండగానే మావాడు ఊళ్లోని ఐస్‌క్రీమ్ దుకాణం ముందు వరసలో నిలబడ్డాడు.